పొత్తికడుపు జారిందా? ఆపరేషన్‌కు ముందు ఈ సంగతులు తెలుసుకోండి

నాచారం పారిశ్రామికవాడలో మందుల ప్యాకింగ్ పని చేసే ఒకామె, ఒకనాటి సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. వయసు 36. ఇద్దరు పిల్లలు. రెండూ సిజేరియన్ కాన్పులే. వెంట ఆడబిడ్డను తెచ్చుకుంది. కుర్చీలో కూర్చున్నదే గాని చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి ఆడబిడ్డే అందుకుంది.

"ఉప్పల్‌ల బస్సెక్కితే ఒక పిలగాడు లేచి సీటిచ్చిండట సార్. 'కూసోండి ఆంటీ, ఈ టైంల నిలబడొద్దు' అన్నడట. ఆ దినం సంది సక్కగ అన్నం తింటలేదు."

నవ్వొచ్చే మాటే. కాని ఆమె నవ్వలేదు. ఆడబిడ్డను కాసేపు బయట కూర్చోమని చెప్పి, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"సీటు ముచ్చట గాదు సార్. కింద మడతల పుండ్లు పడ్డయి. రెండేండ్ల సంది పౌడర్ కొట్టుకుంటున్న. ఎండకాలం వాసనొస్తది. లైన్ల పక్కన నిలబడేటోళ్లకు దెలుస్తదేమో అని భయం."

పరీక్షబల్ల మీద పడుకోబెట్టి చూశాను. బొడ్డు కింద చర్మం, కొవ్వు కలిసి ఒక మడతలా జారి, పాత సిజేరియన్ మచ్చ మీదికి కప్పులా వాలి ఉంది. ఆ మడత ఎత్తి చూస్తే చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి, అక్కడక్కడ పగిలి, పౌడర్ ముద్దలు కట్టి ఉంది. రెండేళ్లుగా భర్తకు కూడా చూపించలేదట.

ఇటువంటి వారు ఈ ఒక్కరే కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే. దేశం మొత్తంలో ఇదే ఎక్కువ. పొట్ట సాగడానికి కారణం సిజేరియన్ కాదు, గర్భమే. మామూలు కాన్పు అయినవారికీ పొట్ట సాగుతుంది. కాకపోతే కోసి కుట్టినచోట మచ్చ లోపలికి అతుక్కుని గట్టిగా నిలబడిపోతే, దాని పైభాగం జారి మెట్టులా కనిపిస్తుంది. ఆ మెట్టు ఎన్ని ఆసనాలు వేసినా పోదు.

"ఆపరేషన్ జేస్తే పోతదటగా సార్? ఫోన్ల జూసిన. పొద్దున వోయి సాయంత్రం ఇంటికి రావచ్చట!"

పొద్దున పోయి సాయంత్రం వచ్చేది సినిమాకి. ఈ ఆపరేషన్ సంగతి అలా కాదు. ఆమెకు ఆ రోజు గంటసేపు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

బొంతలో పొరలు

మన ఇళ్లలో పాతచీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుడతారు కదా, పొట్ట గోడ అలాంటిదే. అన్నిటికన్నా పైన చర్మం. దాని కింద వేళ్లతో పట్టుకుంటే చిక్కే కొవ్వు. ఆ కింద గట్టి పొర. నడిమధ్యన, రొమ్ము ఎముక నుంచి జఘనాస్థి వరకు నిలువుగా రెండు కండరపు పట్టీలు. వాటికి లోపల పేగులు. ఆ పేగుల చుట్టూ మరో కొవ్వు ఉంటుంది. అది చేతికి చిక్కదు.

ఆపరేషన్ చేసే డాక్టరు ముట్టుకునేది పై పొరలనే. సాగిన చర్మాన్ని, దానికి అంటిన కొవ్వును కోసి తీసేస్తారు. రెండు కండరపు పట్టీలు గర్భంతో ఎడమైపోయి ఉంటే వాటిని దగ్గరకు లాగి కుడతారు. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు జోలికి పోరు, పోలేరు.

అందుకే మగవారి బానపొట్టకు ఈ ఆపరేషన్ పనికిరాదు. రామంతాపూర్ నుంచి ఒక గుమాస్తాగారు వచ్చి "నాకూ కొంచెం తగ్గించండి" అన్నారు. తట్టి చూస్తే మద్దెలలా మోగింది. పట్టుకుందామంటే పై కొవ్వు అర అంగుళం కూడా లేదు. ఉన్నదంతా లోపలే. నడుము చుట్టుకొలత మన మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే చక్కెర జబ్బు, గుండె జబ్బు పొంచి ఉన్నాయని అర్థం. ఆయనకు నేను రాసిచ్చింది రక్తపరీక్ష, సాయంత్రం నడక. అసంతృప్తిగా వెళ్లారు.

మీ సంగతి ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. బొడ్డుకు పైన వేళ్లు అడ్డంగా ఆనించి, తల మాత్రం కొంచెం పైకి లేపండి. రెండు వేళ్లకు మించి లోపలికి దిగితే కండరాలు ఎడమైనట్టే. బొడ్డు దగ్గర గోళీకాయంత ఉబ్బు తగిలితే, దగ్గితే అది పెద్దదైతే, హెర్నియా కావచ్చు. అది అందానికి సంబంధించిన విషయం కాదు, జబ్బు. ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. నాచారం ఆమెకు కండరాల మధ్య మూడు వేళ్ల ఎడం ఉంది, బొడ్డు దగ్గర చిన్న హెర్నియా కూడా ఉంది. ఆ సంగతి అప్పటివరకు ఆమెకు తెలియదు.

ఒక్క పేరుతో నాలుగు పనులు

జనం "పొట్ట ఆపరేషన్" అని ఒకే మాట అంటారు గాని ఇందులో నాలుగు రకాలున్నాయి. జారిన మడతను మాత్రమే కోసి తీసేసి, కండరాల జోలికి పోకుండా కుట్టేయడం ఒకటి. బాగా బరువు తగ్గినవారికి, పుండ్లతో బాధపడేవారికి ఇది చేస్తారు. రెండోది పూర్తి ఆపరేషన్. ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా పొత్తికడుపు కింద కోసి, చర్మాన్ని పక్కటెముకల వరకు విడదీసి, కండరాలు బిగించి, మిగిలిన చర్మాన్ని కత్తిరిస్తారు. బొడ్డు ఉన్నచోటే ఉంటుంది. దాని పైనుంచి దిగివచ్చిన చర్మంలో కొత్త రంధ్రం చేసి దాన్ని బయటకు తెస్తారు. మూడోది చిన్నది. బొడ్డు కింద మాత్రమే వదులుగా ఉంటే పొట్టి కోతతో ముగుస్తుంది, బొడ్డును కదపరు. నాలుగోది కోత కాదు, సన్నని గొట్టంతో కొవ్వు పీల్చడం. చర్మం ఇంకా బిగువుగా ఉన్నవారికే అది సరిపోతుంది. సాగిన చర్మం కింద కొవ్వు పీల్చేస్తే గాలి తీసిన బుడగలా మరింత వేలాడుతుంది.

ఇవేవీ నిన్న మొన్న పుట్టినవి కావు. 1899లోనే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హోవర్డ్ కెల్లీ అనే స్త్రీవైద్యుడు పొట్ట మీది కొవ్వు మడతను కోసి తీశాడు. 1960లలో బ్రెజిల్ సర్జన్ ఈవో పితాంగీ కోతను లోదుస్తుల్లో దాగేటంత కిందికి దించాడు. కొవ్వు పీల్చే మొద్దుమొన గొట్టం పారిస్‌లో ఇల్లూజ్ అనే డాక్టరు 1970ల చివర వాడకంలోకి తెచ్చాడు.

మరి బరువు ఎంత తగ్గుతుంది? అందరూ అడిగే ప్రశ్న ఇదే. మామూలుగా తీసేది ఒకటి రెండు కిలోల ముక్క. బరువు తగ్గడానికి ఇది దారి కాదు. ముందు బరువు తగ్గి, ఆ బరువు మీద కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నవారికి, మిగిలిపోయిన వదులు చర్మాన్ని సరిచేసే పని ఇది. ఆపరేషన్ తర్వాత మళ్లీ పది కిలోలు పెరిగితే పొట్ట మళ్లీ వస్తుంది. చారల సంగతి కూడా అంతే. బొడ్డు కింద కోసి తీసేసిన చర్మం మీదివి దానితోనే పోతాయి, పైవి కిందికి దిగి అక్కడే ఉంటాయి.

ఎవరికి వద్దంటాను

ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి వద్దంటాను. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే ప్రమాదమని కాదు, బిగించిన కండరాలు మళ్లీ సాగుతాయి, డబ్బూ నొప్పీ వృథా. కాన్పు అయ్యాక కనీసం ఆరు నెలలు, వీలైతే సంవత్సరం ఆగాలి. పాలిచ్చే తల్లి పాలు మాన్పించాక మరికొన్ని నెలలు ఆగాలి. పొట్ట తనంతట తాను ఎంత లోపలికి పోతుందో చూడకుండా కోయడం తొందరపాటు.

చక్కెర అదుపులో లేనివారికి అది అదుపులోకి వచ్చేదాకా వద్దు. పొగాకు వాడేవారికి అసలే వద్దు. విడదీసిన చర్మం అంచుకు రక్తం సన్నని నాళాల ద్వారానే అందాలి. నికోటిన్ ఆ నాళాలను నొక్కేస్తుంది. చర్మం నల్లబడి చచ్చిపోతుంది. సిగరెట్టు, బీడీ మాత్రమే అనుకోకండి. తంబాకు నమలడం, జర్దా పాన్, గుట్కా, నశ్యం, అన్నిటిలోనూ ఉన్నది అదే. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. "ఒక్కటే సార్" అనేవారిని చాలామందిని చూశాను. డాక్టరు దగ్గర దాచినది పుండు దగ్గర బయటపడుతుంది.

ఉప్పల్ నుంచి ఒక తల్లి 22 ఏళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. రెండు నెలల్లో పెళ్లి. పెళ్లివారు "పిల్ల కొంచెం ఒళ్లు" అన్నారట. ఆ అమ్మాయి పొట్ట మీద పట్టుకుంటే చిక్కింది చిటికెడు. తల్లి మాట్లాడుతున్నంతసేపూ అమ్మాయి నేలచూపులు చూస్తూ కూర్చుంది. నేను ఆపరేషన్ కుదరదన్నాను. మందు చీటీ కూడా రాయలేదు. తల్లికి కోపం వచ్చింది. వస్తే రానీ.

నాచారం ఆమెకు ఏం చెప్పాను? ముందు పుండ్లు మానాలి. బూజు చేరిన పచ్చి చర్మం మీద కత్తి పెడితే చీము పడుతుంది. పౌడర్ మానిపించి, మడత కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టి, బూజుకు పూతమందు రాసుకోమన్నాను. మడత మధ్య పాత నూలుపంచె ముక్క పెట్టుకోమన్నాను. రక్తపరీక్షలో ఆమెకు రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. దానికి మందులు వాడింది. నాలుగు నెలలు పట్టింది ఇదంతా.

ముందు రోజులు, ఆ రోజు

రక్తం, చక్కెర, థైరాయిడ్, గుండె పరీక్ష చేయిస్తారు. మీరు వాడే ప్రతి మందూ చెప్పండి. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఎవరో ఇచ్చిన ఆకుమందులు, అన్నీ. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు 2025 నుంచి మన దేశంలో బాగా వాడకంలోకి వచ్చాయి. అవి వేసుకుంటున్నట్లయితే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వాటివల్ల తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. మత్తులో అది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట పైభాగంలో పిత్తాశయానికో, మరిదేనికో పాత కోత ఉంటే అదీ చూపించాలి. చర్మానికి రక్తం వచ్చే దారి అక్కడ తెగి ఉండవచ్చు. ఇంట్లో ఎవరికైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఆ మాట కూడా చెప్పాలి.

మత్తు అంటేనే చాలామందికి భయం. "మళ్లీ లేస్తానా?" అని అడుగుతారు. మత్తుమందు ఎంత భద్రం అనే ప్రశ్నను 1888లో, 1889లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఈ నగరంలోనే పరిశోధించాయి. ఎడ్వర్డ్ లారీ ఆ పని నడిపాడు, నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది. క్లోరోఫాం కాలం పోయింది. ఇప్పుడు మత్తు డాక్టరు పక్కనే కూర్చుని ప్రతి శ్వాసనూ, గుండె చప్పుడునూ, రక్తంలో ప్రాణవాయువునూ యంత్రాల మీద చూస్తుంటాడు. మీరు అడగవలసింది "లేస్తానా?" అని కాదు, "ఆ డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా నా పక్కనే ఉంటాడా?" అని.

ఆ ఉదయం మిమ్మల్ని నిలబెట్టి పొట్ట మీద పెన్నుతో గీతలు గీస్తారు. సిగ్గుపడకండి. లంగా బొందు ఎక్కడ కడతారో, చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారో అప్పుడే చూపించండి. మచ్చ సరిగ్గా బొందు కింద పడితే సంవత్సరాల తరబడి ఒరుసుకుంటుంది. పాత సిజేరియన్ మచ్చ చాలావరకు తీసేసే చర్మంతోనే పోతుంది. పూర్తి ఆపరేషన్‌కు రెండు నుంచి నాలుగు గంటలు, చిన్నదానికి ఒకటి రెండు గంటలు పడుతుంది.

ఇంటికొచ్చాక ఎవరు చేస్తారు?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. ఫోనులో చూపించేవారు దీన్ని చూపించరు.

మెలకువ వచ్చేసరికి నడుం దగ్గర మడిచి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి ఉంచుతారు. పొట్టకు బెల్టు, పక్కల నుంచి నీరు, రక్తం కారిపోవడానికి ఒకటి రెండు గొట్టాలు ఉంటాయి. నొప్పి ఉంటుంది. కండరాలు బిగించినవారికి మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగానే ఉంటుంది. దగ్గితే, నవ్వితే దిండు పొట్టకు అదుముకోవాలి. అదే సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో లేపి నడిపిస్తారు. "కుట్లు తెగిపోతాయి" అని చుట్టాలు అడ్డుపడతారు. అడ్డుపడనివ్వకండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. నిటారుగా కాదు, ముసలమ్మలా వంగి నడవాలి. వారం పది రోజుల్లో నెమ్మదిగా నిటారవుతారు.

ఆసుపత్రిలో ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. గొట్టాల్లో రోజుకు వచ్చే నీరు బాగా తగ్గాక వాటిని తీస్తారు. చాలామందికి ఒక వారం. ఇంటికి గొట్టంతోనే వెళ్లవలసి రావచ్చు. డబ్బాలో ఎంత వచ్చిందో రోజూ కొలిచి రాయాలి. మొదటిసారి చూపించుకోవడానికి కారులోనో ఆటోలోనో మెల్లగా వెళ్లండి. స్కూటరు వెనక సీటు వద్దు. ఒక నెల గడిచాక మెట్రోలో వెళ్తే ఇబ్బంది లేదు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులున్నాయి, మెట్లెక్కే పని లేదు.

ఇంట్లో చాప మీద పడక పనికిరాదు, లేవలేరు. మంచం కావాలి. నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇళ్లవారు కమోడు కుర్చీ అద్దెకు తెచ్చుకోవాలి. రెండు వారాలు గొంతుక్కూర్చోవడం కుదరదు. మలబద్ధకం రాకుండా మందు ముందే అడగండి.

ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. ఈ మాట అందరూ వింటారు, ఎవరూ లెక్క వేయరు. లెక్క వేద్దాం. నిండు బకెట్టు నీళ్లు పదిహేను కిలోల పైన. గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు దానికి అదనం. మంచినీళ్ల డబ్బా 20 లీటర్లు, అంటే 20 కిలోలు. తడి దుప్పటి పిండడం, ఇడ్లీపిండి గ్రైండరు రాయి ఎత్తడం, రెండేళ్ల పిల్లవాణ్ణి చంకనెత్తుకోవడం, ఏదీ కుదరదు. నాచారం ఆమె ఇవన్నీ విని మొదటిసారిగా ఆలోచనలో పడింది. "ఆపరేషన్‌కు భయం లేదు సార్. ఆర్వారాలు నీళ్లెవరు మోస్తరు?" అంది. ఆమె ఉండేది మూడో అంతస్తులో. మంచినీళ్ల కుళాయి కింద ఉంది.

మరుసటి వారం భర్తను పిలిపించాను. అతనికి పుండ్ల సంగతి అప్పుడే తెలిసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏ పనులు తను చేయాలో చెప్పమని, జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఆ కాగితం అయ్యాకే తేదీ పెట్టుకున్నాం, ఎండాకాలం కాకుండా డిసెంబరులో. ఆరు వారాలు రాత్రింబగళ్లు బెల్టు కట్టుకోవాలి, మే నెల ఉక్కలో అది నరకం.

తిండి దగ్గర మన ఇళ్లలో పెద్ద తగవు. "పప్పు తింటే చీము పడుతుంది" అంటారు. చారన్నం మీద పెడతారు. ఇది తప్పు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఏది మీ ఇంట్లో తింటారో అది రోజూ తినాలి. చీము పడేది పప్పుతో కాదు, సూక్ష్మక్రిములతో.

ఇంకొకటి చాలా ముఖ్యం. బొడ్డు కింద చర్మానికి కొన్ని నెలలపాటు స్పర్శ ఉండదు. కొందరికి కొంత మేర ఎప్పటికీ రాదు. నొప్పిగా ఉందని వేడినీళ్ల సంచీతో, ఇసుకమూటతో కాపడం పెట్టకండి. కాలుతున్నది మీకు తెలియదు. బొబ్బలెక్కి, మానుతున్న చర్మం కాస్తా ఊడిపోతుంది. ప్రేమతో కాపడం పెట్టే అత్తగారికి, అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి.

కూర్చుని చేసే ఉద్యోగాలకు రెండు మూడు వారాల్లో వెళ్లవచ్చు. నిలబడి చేసే ఫ్యాక్టరీ పనికి ఆరు వారాల సెలవు చూసుకోవాలి. వాపు సాయంత్రాలు ఎక్కువగా ఉంటూ మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంతదాకా అద్దం ముందు తీర్పులు చెప్పకండి. మచ్చ మొదటి కొన్ని నెలలు ఎర్రగా, ఉబ్బుగా, ముందుకన్నా వికారంగా కనిపిస్తుంది. ఏడాది, ఏడాదిన్నరకు సర్దుకుంటుంది. కాని మచ్చ పోదు. తుంటి నుంచి తుంటికి ఒక గీత జీవితాంతం ఉంటుంది. చామనఛాయ ఒళ్లలో అది నల్లగానే మిగలవచ్చు. చెవులు కుట్టినచోట గడ్డల్లా పెరిగినవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

చెడితే ఎలా చెడుతుంది

తరచుగా వచ్చేది చర్మం కింద నీరు చేరడం. పొట్టలో నీళ్ల సంచి కదిలినట్టుంటుంది. డాక్టరు సూదితో లాగేస్తాడు, రెండు మూడు సార్లు లాగవలసి రావచ్చు. రక్తం చేరడం, చీము పట్టడం, అంచు నల్లబడడం, గీత చివర్లలో చిన్న బుడిపెలు మిగలడం, ఇవీ ఉన్నాయి. కొన్నింటికి మళ్లీ చిన్న ఆపరేషన్ కావాలి.

ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. కాలి నరాల్లో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడడం. అందానికి చేసే ఆపరేషన్లలో ఈ ప్రమాదం ఎక్కువగా ఉన్నది పొట్ట ఆపరేషన్‌కే. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే, "గ్యాసేమోలే" అని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి. 101 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన, ఒక పక్కే హఠాత్తుగా ఉబ్బడం, చర్మం నల్లబడడం, వీటిలో ఏదున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తెలుగువారు మరచిపోని పేరు ఒకటి చెప్పాలి. 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకున్నారనీ, ఊపిరి ఇబ్బందితో బాధపడ్డారనీ పత్రికలు రాశాయి. ఆమె మరణానికి ఆ చికిత్సే కారణమని నేననను. కాని కొవ్వు పీల్చడమంటే పార్లరులో ముఖానికి పూత వేయించుకోవడం లాంటిదని అనుకునేవారు ఆమె వయసును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

డాక్టరును ఎంచుకునేటప్పుడు బోర్డు మీది అక్షరాల సైజు చూడకండి, అక్షరాలు చదవండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని, డి.ఎన్.బి. గాని ఉండాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. ఆ ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటాడా, అత్యవసర విభాగం ఉందా అని అడగండి. అడిగితే చిరాకుపడే చోటు మీకు తగిన చోటు కాదు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. రెండో అభిప్రాయానికి అక్కడికి వెళ్లవచ్చు. అందానికి చేసే ఆపరేషన్‌కు సాధారణంగా బీమా రాదు, పైగా జీఎస్‌టీ పడుతుంది. హెర్నియా మాత్రం జబ్బు కిందికే వస్తుంది. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులు ముందు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో హెర్నియా, పుండ్లు చూపించుకుని ఏది వర్తిస్తుందో కాగితం మీద తెలుసుకోవడం మంచిది. మొత్తం ఖర్చులో ఆసుపత్రి, మత్తు, మందులు, బెల్టు, తర్వాత చూపులు, మళ్లీ కోయవలసి వస్తే దాని ఖర్చు ఎవరిదో, అన్నీ విడివిడిగా రాయించుకోండి. వాయిదాల మీద చేస్తామనే ప్రకటనలు చూసి అప్పుచేయవద్దు.

నాచారం ఆమె ఆపరేషన్ అయి పది నెలలైంది. ఒక కిలో నాలుగు వందల గ్రాములు తీశారట. హెర్నియా మూసి, కండరాలు బిగించారు. రెండుసార్లు నీరు చేరితే సూదితో లాగారు. గీత కుడిపక్క కొంచెం ఎత్తుగా ఉంది, మచ్చ ఇంకా నల్లగానే ఉంది, బొడ్డు కింద అరచేతి మేర స్పర్శ రాలేదు. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు మడత ఉన్నచోట చర్మం చూశాను. పొడిగా, శుభ్రంగా ఉంది. నీళ్ల డబ్బా ఇప్పుడెవరు మోస్తున్నారని అడిగాను.

"ఆయననే మోస్తుండు సార్. డాక్టర్ సాబ్ వద్దన్నడని చెప్పిన. ఆర్వారాలే అన్న ముచ్చట ఆయన మర్సిపోయిండు. మీరు యాది చెయ్యకుండ్రి."